పోయినేడు ఏం రాశారో చూశాను

నా మొదటి ఇంటర్వ్యూ తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. సైన్యంలో ఆఫీసరు కావాలని డిగ్రీలో చేరిన నాటి నుంచీ నాకు పిచ్చి. రాతపరీక్ష గట్టెక్కి అయిదు రోజుల ఎంపిక శిబిరానికి పోయాను. పరుగులు, తాళ్ల మీద నడకలు, గుంపు చర్చలు, అన్నీ బాగానే చేశాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన సరిహద్దు సంగతి ఒకటి అడిగాడు. అడిగిందే తడవు అందుకున్నాను. మన బలం ఇంత, వాళ్ల బలం అంత, మూడు రోజుల్లో తేలిపోతుందని చేతులు తిప్పుతూ చెప్పాను. ఆయన ఓపికగా విని, "ఈ మాట నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"అందరూ అంటున్నారు సార్."

"అందరూ అంటే?"

అందరూ ఎక్కడున్నారు? నాకు చెప్పింది ఫోన్లో ఒక వీడియో. అందులో మాట్లాడేవాడి పేరేమిటో, అసలు ఏం పని చేస్తాడో, సరిహద్దును బొమ్మలో తప్ప ఎక్కడైనా చూశాడో లేదో నాకు తెలియదు. ఎర్ర అక్షరాలు, డప్పుల మోత, అరుపులు. రెండేళ్లు రోజూ అన్నం తింటూ అవే చూసి, దాన్ని చదువు అనుకున్నాను. సిగ్గు లేకపోతే సరి! చివరి రోజు పిలిచిన నంబర్లలో నాది లేదు. వయసు లెక్క ప్రకారం నాకు ఇంకొక్కసారే అవకాశం ఉంది.

గార్ల దగ్గర మా తండాకు వచ్చి పది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఇంట్లో మాట్లాడుకునేది తండా భాషే. బాపు మాత్రం వ్యవసాయం ముచ్చట వస్తే తెలుగులోకి దిగుతాడు. గింజ, మందు, మార్కెట్ అన్నీ ఆయనకు తెలుగులోనే పరిచయమయ్యాయట. అప్పుడే వానకాలం ముందు పత్తి గింజల ఏజెంటు మా ఇంటికి వచ్చాడు. ప్యాకెట్ మీద కొబ్బరికాయంత పత్తికాయ బొమ్మ. ఈ గింజ వేస్తే ఇల్లు నిండిపోతుందని ఊదరగొట్టాడు. బాపు ప్యాకెట్ వైపు చూడనైనా లేదు.

"పోయినేడు గీ గింజ ఎవలేసిన్రు? చేను ఏడున్నది?"

"శానమంది ఏసిన్రే."

"ఒక్కల పేరు జెప్పు. పోయి సూసొస్త."

ఏజెంటు ప్యాకెట్‌ను సంచిలో పెట్టుకున్నాడు.

"సరే, పోయినేడు నువ్వేం గింజ అమ్మినవ్? గది మంచిగ కాసిందా?"

దానికి జవాబుగా అతను బండి స్టార్ట్ చేశాడు.

బాపు ఎప్పుడూ అంతే. పంట నిలబడి ఉన్నప్పుడే నాలుగూళ్లు తిరిగి, ఎవరి చేను ఎట్లుందో చూసి, కాయలు లెక్కపెట్టి, ఆ నేల నల్లరేగడా ఎర్రచెలకా అని అడిగి గుర్తుపెట్టుకుంటాడు. గింజను పొగిడేవాడికి డీలరు దగ్గర కమీషన్ ఉందేమోనని కూపీ లాగుతాడు. ఒక ఏడు ఆయన చెప్పిన గింజే పక్క చేనులో దెబ్బతింది. తనే వాళ్లింటికి పోయి, నేను జెప్పింది తప్పయిందని ఒప్పుకుని, ఎందుకు తప్పయిందో కూర్చుని చెప్పి వచ్చాడు. అందుకే తండాలో సగం మంది ఇప్పటికీ ఆయన్ని అడగకుండా గింజ కొనరు.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ నా నెత్తిన నేనే ఒకటి మొట్టుకున్నాను. గింజలమ్మేవాణ్ని బాపు అడిగిన మాట, యుద్ధం గురించి చెప్పేవాణ్ని నేను ఒక్కసారీ అడగలేదు.

జనగామలో ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరి, ఆ పక్కనే గది తీసుకున్నాను. సైనిక, భద్రతా వ్యవహారాల మీద బ్లాగులు, పత్రికలు ఏమున్నాయో వెతకడం మొదలుపెడితే కుప్పలుగా పడ్డాయి. తప్పక చదవాల్సినవి అంటూ జాబితాలు కూడా ఉన్నాయి, అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్నవే. నేను ఏ బ్లాగులోనూ పైనున్న కొత్త వ్యాసం చూడలేదు. నేరుగా పోయినేటి రాతలకు పోయాను. ఒకాయన వచ్చే నెలలో యుద్ధం ఖాయమని రాశాడు. ఆ నెల వచ్చింది, పోయింది, ఆయన కిక్కురుమనలేదు. మళ్లీ ఇంకో నెల ఖాయమన్నాడు. కొట్టేశాను. ఇంకొకరు పాత రాతలే మాయం చేశారు. కొట్టేశాను. ఒకచోట ఒక తుపాకుల కంపెనీని తెగ పొగిడారు, పక్కనే దాని ప్రకటన. అదీ కొట్టేశాను. కొట్టేస్తుంటే భలే హాయిగా ఉండేది, అబద్ధమెందుకు.

మిగిలినవి చదవడమే కష్టం. నాకు ఇంగ్లిష్ నాలుగో భాష. ఒక్క వ్యాసానికి వారం పట్టేది. బడి వైఫైలో పేజీలు దింపుకుని, శనివారం ఇంటికి పోయే రైల్లో డిక్షనరీ పెట్టుకుని చదివేదాన్ని. ఒక శనివారం, రైలు మహబూబాబాద్‌లో ఆగినప్పుడు, బొమ్మలు లేని ఒక తెల్లటి బ్లాగు తెరిచాను. రాసేది సరఫరా విభాగంలో పనిచేసి రిటైరైన ఆఫీసరు. కొండల మీది జవాన్లకు కిరోసిన్ ఎట్లా చేరుతుంది, కంచరగాడిద ఎంత బరువు మోస్తుంది, ఇవే ఆయన ముచ్చట్లు. పోయినేటి వ్యాసం ఒకటి తెరిస్తే పైన చిన్న గమనిక ఉంది. తను ఇక్కడ రాసింది తప్పని, లెక్క తప్పింది ఫలానా చోటని.

"దొరికిండు!" అని అరిచాను.

ఎదురు సీట్లో అవ్వ తన సంచి ఒళ్లోకి లాక్కుంది. "ఎవలు బిడ్డా, దొంగా?"

"దొంగ కాదవ్వా, మంచోడు" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసింది. నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాను.

కానీ బాపు అయితే చేను చూడకుండా నమ్మడు. నేను ఆ మంచుకొండల దాకా పోలేను. అక్కడ పనిచేసి వచ్చిన ఒక రిటైర్డ్ హవల్దారు భూపాలపల్లిలో ఉన్నాడు, బాపుకు తెలిసినవాడు, అక్కడి బొగ్గు గనిలో కాపలా పని. బస్సెక్కి ఆయన దగ్గరికి పోయాను. కిరోసిన్ వ్యాసాన్ని తెలుగులో చెబుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు.

"ఉత్త చేత్తోని డబ్బా పట్టుకుంటే తోలు ఊడొస్తదని రాసిండా?"

"రాసిండు కాకా."

"అయితె గాయన ఆడికి పోయిన మనిషే" అని తన వేళ్లు నాకు చూపించాడు. రెండు వేళ్ల కొసలు నున్నగా ఉన్నాయి.

తర్వాత బీరువాలోంచి పాత సైనిక పత్రికల కట్ట తీసి నా ముందు పెట్టాడు. "గిండ్ల మసాల ఉండది బిడ్డా. కని ఏ ముచ్చట ఏడికెల్లి తెచ్చిన్రో కింద రాసి ఉంటది. సదివి తెచ్చియ్యి." ఆ కింది చిన్న అక్షరాలే నాకు మిగతా దారి చూపించాయి. ఎవరు ఎవరిని చదువుతున్నారో, ఎవరు ఎవరితో మర్యాదగా గొడవపడుతున్నారో తెలిసింది. ఏడాది తిరిగేసరికి నాకు మిగిలినవి నాలుగు బ్లాగులు, రెండు పత్రికలు. అంతే. వాటిని అక్షరం వదలకుండా చదివాను.

ఆఖరి అవకాశం వచ్చింది. ఈసారి ఇంటర్వ్యూలో వేరే ఆఫీసరు. సరిహద్దు అవతల వంతెన ఒకటి కడుతున్నారని ఆ నెలంతా ఫోన్లలో ఒకటే గోల. ఆయన దాని గురించే అడిగాడు. నేను నమ్మే ఇద్దరు రచయితలు దీని మీద రెండు రకాలుగా రాశారని, ఒకరు ఫొటోలు చూసి చెబుతున్నారని, ఇంకొకరు ఆ నది లోతు తెలిసి అనుమానపడుతున్నారని చెప్పాను.

"మరి నీ అభిప్రాయం?"

"నాకింకా తెలియదు సార్. తెలిసేదాకా ఖాయమని చెప్పలేను."

ఆఫీసరు కావడానికి వచ్చి తెలియదంటానా? ఆయన కాసేపు ఏదో రాసుకుని తలెత్తాడు.

"ఇట్లా చదవడం నీకెవరు నేర్పారు?"

"మా నాన్న సార్. ఆయనకు చదవడం రాదు."

చివరి రోజు అందరం ఛాతీల మీద నంబర్లు కట్టుకుని వరసగా కూర్చున్నాం. మొదటి నంబరు నాది కాదు. రెండోది కాదు. మూడోది నాది. లేచి ముందుకు పోతుంటే తల కిందికి దిగలేదు. డాక్టర్ల పరీక్ష ముందుందని ఆఫీసర్లు చెబుతూనే ఉన్నారు. నాకేం భయం? ఏ పరీక్షనైనా ఉరికి దాటగలను ఆ రోజు.

బయటికి రాగానే బాపుకు ఫోన్ చేశాను. మహబూబాబాద్ మార్కెట్లో పత్తి కాంటా దగ్గర ఉన్నాడు, చుట్టూ హమాలీల కేకలు. మార్కెట్లో ఉన్నాడు కదా అని తెలుగులోనే చెప్పాను.

"బాపూ, అయింది. ఆఫీసరుకు ఎంచుకున్నరు, డాక్టర్ల పరీక్ష ఒక్కటే మిగిలింది."

కాంటా ఆపమని అవతల ఎవరికో కేకేశాడు.

"జర ఆగు. స్పీకర్ పెడత" అన్నాడు. "అందరు గిట్ల రాండ్రి. ఆఁ, మల్ల జెప్పు బిడ్డా."

మళ్లీ చెప్పాను. కేకలన్నీ ఆగిపోయాయి. మూడోసారి మా తండా భాషలో చెప్పించుకున్నాడు.