సుధీర్ గొంతును ఒంటరిగా వినిపించిన రోజు

2022 ఎండాకాలంలో, సూర్యాపేటలో నేను నడిపే చిన్న రికార్డింగ్ స్టూడియోలో, నన్ను నమ్మి వచ్చిన ఒక కుర్రాడి గొంతును నవ్వులపాలు చేశాను. సరదాకు చేశానని చాలా రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ఏం చేస్తున్నానో తెలిసే చేశాను.

అప్పటిదాకా నా దగ్గరికి వచ్చేవి జానపదాలు, క్రైస్తవ గీతాలు, ఎన్నికల ప్రచార పాటలు. ఆ ఎండాకాలం బ్యాండ్‌గా వచ్చిన నలుగురు కుర్రాళ్లు మాత్రం ‘ఎక్స్‌ట్రీమ్ మెటల్’ అన్నారు. అందులో డ్రమ్స్ వడగళ్లలా పడతాయి, గిటార్లు రంపంలా కోస్తాయి, గాయకుడు కడుపులోంచి గర్జిస్తాడు. ఆ గర్జనను ‘గ్రౌల్’ అంటారు. గిటారిస్టు నవీన్‌ది మిర్యాలగూడ. గర్జించే సుధీర్ కోదాడలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసేవాడు. మామూలుగా మాట్లాడితే పక్కవాడికి కూడా సరిగా వినపడదు. వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు మీద పాట రాసుకున్నాడు.

“ఇందులో మాటలేవి సుధీర్?” అన్నాను.

“ఉన్నాయన్నా. నది తిడతంది. తిట్టేటప్పుడు ఎవరైనా నిదానంగా తిడతారా?”

ఆ రోజు మూసీ పాటలో గొంతు రికార్డింగు సగమే అయింది. మిగతా సగం వచ్చే ఆదివారం అనుకున్నాం. వాళ్లు వెళ్లాక ‘సోలో’ బటన్ నొక్కాను. అది నొక్కితే మిగతా వాద్యాలన్నీ ఆగి ఒక్క ట్రాకే వినిపిస్తుంది. తప్పులు వెతకడానికి మాకది అవసరం. గిటార్లు పోయి సుధీర్ గర్జన మిగిలింది. మధ్యలో ఎగశ్వాస, గుటక మింగిన చప్పుడు. ఎంత గొప్ప గొంతైనా అలా బట్టలిప్పినట్టు వింటే నవ్వొస్తుంది. ఆ సంగతి మా వృత్తిలో అందరికీ తెలుసు. అయినా దాన్ని ఫోన్లో రికార్డు చేసి, మా పాటగాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. కింద “బర్రె ఈనుతున్నట్టు లేదూ?” అని రాశాను.

మూడు రోజుల్లో అది కోదాడ చేరింది. దుకాణంలో ఎవరో కొత్త ఫోన్ స్పీకర్ చూస్తూ, సుధీర్ ముందే దాన్ని మోగించారట. ఆదివారం నవీన్ ఒక్కడే వచ్చాడు.

“ఆ ట్రాక్ మా దగ్గర గూడ లేదన్నా. నీ దగ్గరే ఉంది. బయటికెట్ల పోయింది?”

“గ్రూపుల సరదాకు పెట్టిన.”

“నీకు సరదా. వాడు ఇగ పాడనంటుండు. మా బ్యాండ్ ఖతం.”

గ్రూపులో క్షమాపణ రాసి, ఆ మధ్యాహ్నమే కోదాడ వెళ్లాను. సుధీర్ ఒక ఫోన్‌కు గ్లాస్ అతికిస్తూ, తలెత్తి, “కూర్చోండన్నా” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. తప్పు చేశానని చెప్పాను.

“పాడనన్నది నవ్వినందుకు కాదన్నా. ఎవరికైనా నవ్వొస్తది. ఇప్పుడు మైకు ముందు నిలబడితే, అద్దం అవతల మీరు వింటున్నారని గుర్తొస్తది. ఇంక గొంతు లేవదు.”

“నేను వినను. రికార్డింగ్ ఆన్ చేసి బయట కూర్చుంట.”

“మరి లెవెల్స్ ఎవరు చూస్తారు?”

“ఎవ్వరం చూడం.”

“మీకు పిచ్చన్నా,” అని నవ్వాడు.

గొంతు ఒక్కసారిగా పెరిగినప్పుడు మేం లెవెల్ తగ్గించకపోతే ధ్వని చిట్లిపోతుంది. దాన్ని ‘క్లిప్పింగ్’ అంటారు; అప్పుడు మీటర్లో ఎర్ర లైట్లు వెలుగుతాయి. రికార్డిస్టుకు అది పరువు తక్కువ.

తర్వాతి ఆదివారం సుధీర్ వచ్చాడు. రికార్డింగ్ ఆన్ చేసి, నా ఫోన్ నవీన్ చేతికిచ్చి, బయట మెట్ల మీద కూర్చున్నాను. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సుధీర్ చెమటతో తడిసిపోయి ఉన్నాడు.

“అన్నా, లైట్లన్నీ ఎర్రగా కొట్టినయ్.”

“మళ్లీ చేద్దామా?”

“వద్దు. దీన్ని బాగుచేయకండి.”

చేయలేదు. అప్పటినుంచి ఎవరి విడి ట్రాక్‌నూ వాళ్లు లేనప్పుడు ఇంకొకరికి వినిపించలేదు. మైకు ముందు మనిషి వదిలే ఊపిరి మా దగ్గర ఉంటుందే గాని మాది కాదని అప్పుడు తెలుసుకున్నాను.

పాట పూర్తయ్యాక, రికార్డిస్టుగా నా పేరే వేయించుకున్నాను. సుధీర్‌ను అడిగి, అదే గ్రూపులో పెట్టాను.

“ఏందన్నా, గొంతంతా పగిలింది? ఇన్నేండ్లకు గూడ లెవెల్స్ పెట్టుడు రాదా నీకు?” అన్నారు.

“తప్పు నాదే” అని రాశాను. ఎందుకలా అయిందో చెప్పలేదు.