గజం ముందుకు, గజం వెనక్కి

"...తీత్తావా, దిగిపొమ్మంటావా? ఆరు దాటితే గమ్హరియాలో ఫ్యాక్టరీ గేటు మూసేత్తారు, హాజిరీ పోతాది!" బర్మామైన్స్‌లో స్టాపు దగ్గర ఆగిన మినీబస్సులోంచి ఒక కార్మికుడు అరిచాడు. "నన్నేటంటావు? ఆణ్ణడుగు," అంటూ కింద నిలబడ్డ ఓనరు మనిషి గౌరీశంకర్‌ని చూపించాడు డ్రైవరు పోలరాజు. సీట్లు నిండేదాకా గౌరీశంకర్ కదలనివ్వడు. బయల్దేరుతున్నట్టు జనాన్ని నమ్మించడానికి బండిని గజం ముందుకు, గజం వెనక్కి ఆడించమంటాడు. పదకొండేళ్లుగా పోలరాజు పళ్లు బిగించి ఆడిస్తూనే ఉన్నాడు. క్లచ్ తొక్కి తొక్కి ఎడమ మోకాలు వాచింది. తిట్టినవాళ్లకు హారన్‌తోనే జవాబు చెబుతాడు. ఇవాళ బండి కదలడం చూసి పరిగెత్తుకొచ్చిన కూలీ నూకాలమ్మ బోర్లా పడింది. అన్నం డబ్బా మూత ఊడి రోడ్డు మీద దొర్లింది. "మాతో ఆటలేట్రా నీకు?" అని ఆమె పోలరాజునే తిట్టింది. గౌరీశంకర్ నవ్వుతూ, "ఇంకో గజం ఆడించు మామా," అని బస్సును చరిచాడు. పోలరాజు దిగి నూకాలమ్మను ఎక్కించాడు. స్టీరింగ్ పట్టుకుని, కిటికీలోంచి గౌరీశంకర్‌తో అన్నాడు: "ఇంక నేను కదిపానంటే గమ్హరియాకే."