ముందు వరుసలో పర్శరాములు

"నేను ముంగటనే కూసుంట. కన్నబిడ్డ పాడుతుంటె ఎనుక మూలకు కూసుంటనా?"

"ముంగట కూసుండి ఏం ఇంటవయ్యా? ఉన్న రెండు చెవులు సాంచాలకే ఇచ్చి వస్తివి!"

"మెల్లగ మాట్లాడే! డ్రైవర్ పిల్లగాడు ఇంటడు."

ఆ 'మెల్లగ' అన్న మాట గోదావరి వంతెన మీద నడిచి పోయేవాళ్లకు కూడా వినబడి ఉంటుంది. స్టీరింగ్ ముందున్న సన్నీ నవ్వు ఆపుకున్నాడు. డిగ్రీ నడుమలో వదిలేసి కిరాయి కార్లు నడుపుతున్నవాడికి వెనుక సీటు కొట్లాటలు కొత్త కాదు. కానీ సిరిసిల్లలో ఎక్కిన ఈ మొగుడూపెళ్లాలు నిర్మల్ వస్తున్నా ఆపలేదు.

"బిడ్డకు చెప్పేద్దాం. ఎన్నొద్దులని దాస్తం?" అంది వనజ.

"చెప్తె చెన్నైకి పోతదా అది? పాట బంద్ వెట్టి ఏదన్న కొలువుల చేరుతది. నన్ను సాంచాల మీదికెల్లి దింపుతది. అంత పెద్ద గురువు దొరికిండు దానికి. పోనియ్యి. అది పోయినంక డప్పు గొట్టి చెప్పుకో."

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. పర్శరాములు మీసం రాకముందే వాటి షెడ్డులో చేరాడు. ఆ రొదలో ఒకరి మాట ఒకరికి అందాలంటే చెవిలో అరవాలి, లేదా పెదాలు చూసి పట్టుకోవాలి. ఏళ్లు గడిచేసరికి అరుపు కూడా అందకుండా పోయింది. పెదాలు మాత్రం మిగిలాయి. బిడ్డ నిఖిత హైదరాబాద్ హాస్టల్లో ఉండి సంగీతం నేర్చుకుంటోంది. వీడియో కాల్ చేస్తే తప్ప తండ్రి మాట్లాడడు. బాపుకు తన ముఖం చూడకపోతే తోచదని ఆమె అనుకుంటుంది. నిజమేమిటంటే, ఆయన చెవిన పడిన ఆమె ఆఖరి పాట బడిలో పాడింది. పెద్దదైన బిడ్డ గొంతు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు.

నిర్మల్ పాత కోటలో రాతి గోడల నడుమ వేదిక కట్టారు. గోడ గూళ్లలో దీపాలు వెలిగించారు. పట్టు చీరలు, ఇస్త్రీ లాల్చీలు. వనజ ముందు వరుసకు రానంది. "నాకు సిగ్గయితది" అని వెనుక కుర్చీలో కూలబడింది. పర్శరాములు సన్నీ చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు రా తమ్మీ. చప్పట్లు ఎప్పుడు గొట్టాల్నో నా మోకాలు మీద తట్టు."

"నాకేం తెలుసు కాకా గీ పాటలు?"

"నాకంటె ఎక్కువనే తెలుస్తది నీకు."

నిఖిత వచ్చి కూర్చుంది. తండ్రిని చూసి కళ్లతోనే నవ్వింది. మైకు తెచ్చి సరిగ్గా ఆమె నోటి ముందు పెట్టారు. పర్శరాములు ఎడమకు జరిగాడు. కుడికి వంగాడు. ఎటు వంగినా ఆ నల్లటి ముద్దే అడ్డం. పెదాలు కనబడలేదు.

ఆమె రాగం ఎత్తుకుంది. సన్నీకి అదేం రాగమో తెలియదు, తెలుసుకోవాలని ఎన్నడూ లేదు. అయినా ఆ గొంతు పైకి పోతుంటే వాడి ఒళ్లు ఝల్లుమంది. ఊపిరి బిగబట్టి అట్లాగే ఉండిపోయాడు. కోటంతా కిక్కురుమనలేదు. అప్పుడు పర్శరాములు వాడి వైపు వంగాడు. తను గుసగుసలాడుతున్నాననే అనుకున్నాడు.

"తమ్మీ! మొదలువెట్టిందా?"

రాళ్లకు తగిలి ఆ మాట తిరిగి వచ్చింది. వెనుక ఎవరో కిసుక్కున నవ్వారు. "ఎవడ్రా గీ తాగుబోతు?" అన్నాడొకాయన. వేదిక మీద నిఖిత గొంతు ఒక్క క్షణం తెగింది. మళ్లీ అందుకుంది. కానీ అక్కడి నుంచి కచేరీ అయ్యేదాకా ఆమె చూపు తండ్రి మీది నుంచి కదలలేదు. సన్నీ మోకాలు తట్టినప్పుడల్లా ఆయన చప్పట్లు కొట్టడం ఆమె చూస్తూనే ఉంది.

అంతా అయ్యాక కిందికి దిగి వచ్చింది. వనజ కూడా వచ్చి పక్కన నిలబడింది. నిఖిత నోరు తెరవకముందే పర్శరాములు అందుకున్నాడు.

"మస్తు పాడినవ్ బిడ్డా!"

నిఖిత చెమట తుడుచుకుంటున్నట్టు చున్నీ కొంగు ముఖం మీదికి తెచ్చింది. నోటికి అడ్డం పెట్టుకుని, చిన్నగా అడిగింది.

"బాపూ, పొద్దున ఏం తిన్నవ్?"

"పెయ్యి జలదరించింది బిడ్డా" అన్నాడాయన. "ఆఖరి పాటయితే, ఇగ చెప్పరాదు."

వనజ ముఖం తిప్పుకుంది. సన్నీ నేలకేసి చూశాడు. బిడ్డ కోప్పడినా బాగుండేది. నిఖిత కొంగు దించి, వేదిక పక్కన నిలబడ్డ తన హైదరాబాద్ టీచర్ నవనీత దగ్గరికి నడిచింది.

కుర్చీలు మడుస్తున్నారు. జనం గోలలో అంత దూరం మాటలు సన్నీకి వినబడలేదు. ఇప్పుడామె నోటికి మైకు అడ్డం లేదు. పర్శరాములు అటే చూస్తూ నిలబడ్డాడు.

"'చెన్నైకి పోను మేడమ్' అంటున్నది" అన్నాడు.

నవనీత ఏదో నచ్చజెబుతోంది. నిఖిత తల అడ్డంగా ఊపింది. పర్శరాములు సన్నీ మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"తమ్మీ, జర ఉర్కు. మీ బాపు చెవులల్ల దూది వెట్టుకున్నడు అని చెప్పు. పెద్ద మైకు డబ్బాల సప్పుడుకు తలకాయ నొస్తదని పెట్టుకున్నడు, నేనే దూది తెచ్చిచ్చిన అను. మేం చెప్తె నమ్మది. నువ్వు పరాయోనివి, నువ్వు చెప్తె నమ్ముతది. నీ కాల్మొక్త, పో తమ్మీ."