ఎడమ చుట్టు

మొదటి త్రికోణం కనబడలేదు. నల్లటి తెర, అంతే. కంప్యూటర్‌తో బొమ్మలు గీయించడం నేర్చుకునేవాళ్లకు త్రికోణమే ఓనమాలు. ఇల్లయినా చెట్టయినా మనిషి ముఖమైనా చిన్న చిన్న త్రికోణాలు అతికిస్తేనే వస్తుంది. ఆ ఓనమాల దగ్గరే నేను బోర్లా పడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు లాప్‌టాప్‌ను తిట్టాను, కరెంటును తిట్టాను, ఇంటర్నెట్‌లో ఉచితంగా పాఠం చెప్పిన మహానుభావుడిని కూడా వదల్లేదు.

అప్పటికి మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ ముగించి చేవెళ్లలో మా ఇంట్లో కూర్చుని ఉన్నాను. మా అక్క భర్త, అంటే మా బావ, మొయినాబాద్‌లో ప్లాట్లు అమ్ముతాడు. తన ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి నన్ను పంపమని మా బాపును, అంటే నాన్నను, సతాయించేవాడు. ఆ పని తలచుకుంటేనే నాకు ఒళ్లు మండేది. బాపు ఎటూ కాకుండా తీర్పు చెప్పాడు.

"దసరా దాక నేర్చుకో బిడ్డా. నలుగురికి అక్కరకొచ్చేది ఒక్కటన్న చూపియ్యి. లేకుంటె గమ్మున బావ ఆఫీసుల కూసో."

త్రికోణం సంగతి చివరికి తెలిసింది. ప్రతి త్రికోణానికీ ముఖం, వీపు ఉంటాయట. మూడు మూలలనూ ఎడమ చుట్టుగా, అంటే గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతూ, చెబితే ముఖం మన వైపు, కుడి చుట్టుగా చెబితే వీపు మన వైపు. వీపును కంప్యూటర్ గీయదు. రెప్పపాటులో బొమ్మంతా మళ్లీ మళ్లీ గీయాలి కదా, అక్కరలేని వైపు శ్రమ దండగ. నేనేమో అన్నీ కుడి చుట్టే చెప్పాను. హారతి తిప్పినా గుడి చుట్టూ తిరిగినా కుడి చుట్టే ఎరిగిన ప్రాణం మరి.

కాగితం మీద ఎడమ చుట్టు అలవాటు చేసుకుంటుంటే అవ్వ చూసి గయ్యిమంది. "ఏందే అది, మంగళారం పూట! గట్ల తిరిగేది సచ్చినోళ్ల సుట్టు."

"నా త్రికోణం సచ్చే ఉన్నదవ్వా, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాను.

వరుస మార్చగానే నారింజ రంగు త్రికోణం వచ్చి తెర మధ్య నిలబడింది. ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను.

తర్వాతివి అంత ఏడిపించలేదు. బొమ్మలోకంలో మనం నడవం. లోకాన్నే మన వైపు జరుపుతారు. మెహదీపట్నం బస్సులో కూర్చుంటే చెట్లు ఎదురొచ్చినట్టే. గోడ ఎండకు ఎంత ఎదురుగా ఉంటే అంత వెలుగు, పక్కకు తిరిగితే నీడ. ఇవన్నీ లెక్కలే, నాకు లెక్కలంటే భయం లేదు.

దసరా దగ్గరపడుతుంటే బావే పరీక్ష పెట్టాడు. "మన వెంచర్ల ఇల్లు కడితె ఎట్లుంటదో చూపియ్యి మరదలా. కొనేటోళ్లు లోపల తిరిగినట్టు ఉండాలె. సుట్టు జర పచ్చగ పెట్టు."

ఆ వెంచర్ అంతకు ముందు మా పొలం. బాపు అమ్మేశాడు, అమ్మించింది బావే. ఇల్లు బావ ఇచ్చిన ప్లాను ప్రకారం కట్టాను. చుట్టూ పచ్చగా కొత్తవి ఊహించే ఓపిక లేక నాకు తెలిసినవే పెట్టాను: బంతి సాళ్లు, వేపచెట్టు, రాతి కట్టు బావి. ఇప్పుడక్కడ అవేవీ లేవు, కంకర రోడ్లూ హద్దురాళ్లూ ఉన్నాయి.

గండిపేట నుంచి కొనడానికి ఒక జంట వచ్చింది. బావ ఆఫీసులో టీవీకి లాప్‌టాప్ తగిలించాను. బాపు వెనక కుర్చీలో కూర్చున్నాడు. బయటి నుంచి ఇల్లు చూసి ఆమె "ఎంత బాగుందో!" అంది. బావ మీసం మెలేశాడు. లోపలికి నడిచే ఏర్పాటు ఆ పొద్దుటే పూర్తయింది, పరీక్షించే తీరిక దొరకలేదు. మీట నొక్కి గడప దాటించాను.

గోడలు మాయమయ్యాయి. కప్పు కూడా. కాళ్ల కింద టైల్సు మిగిలాయి, నాలుగు దిక్కులా బంతిపూలు. గోడల ముఖాలన్నీ బయటికి పెట్టాను, లోపలికి వస్తే అన్నీ వీపులే. నాకు అప్పుడే వెలిగింది, ఏం లాభం!

"ఓపెన్ ప్లాన్ అంటే మరీ ఇంత ఓపెనా అండీ?" అన్నాడాయన. ఇద్దరూ నవ్వుకుంటూ కారెక్కారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

బావ తలుపు దగ్గరి నుంచే అరిచాడు. "ఇజ్జత్ తీసినవ్ గదే! మామా, ఇగ చాలు. రేపటి సంది దీన్ని ఆఫీసుకు తోలు."

బాపు కుర్చీని టీవీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ బాయి కాడికి పోతదా బిడ్డా?"

"పోతది."

సాళ్ల మధ్య నుంచి నడిపించాను. ఒడ్డున ఆపితే బాపు ముందుకు వంగి చూశాడు. లోపల నీళ్లు గీశాను, మంచిదయింది.

"బాయి పూడ్చిన నాడు ఎవరన్న పోయి చూసిన్రా?" అన్నాడు. మేమెవరమూ పోలేదు. ఆయనా పోలేదు. ఆ రోజు ఇంట్లో అన్నం ముట్టకుండా పడుకున్నాడని అవ్వ చెప్పింది.

బావ గొంతు తగ్గించాడు. "గదంత ఎందుకిప్పుడు మామా. రేపు పంపుతున్నవా లేదా?"

"పంప అల్లుడా. ఫోన్లకు ఇంకో పిల్లను చూస్కో. ఇది దీని పనే చేసుకుంటది."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా తల వంచుకుని, గోడలు సరిచేద్దామని కోడ్ తెరవబోయాను. చిన్న పనే, లోపలి వైపుకు ఇంకో వరుస గోడలు చేర్చాలి. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"గోడలు రేపు పెట్టుకో. ఇయ్యాలటికి ఉండనియ్యి."