మేడం గారి వరండాలో మిరపకాయలు

మా జువాలజీ మేడం పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను ఒంగోల్లో, నేను పాఠాలు చెప్పే కాలేజీలో, ఒక మీటింగులో ఉన్నాను. విద్యార్థినులపై వేధింపుల నివారణ కమిటీ మీటింగు. బ్యానర్ ఏ రంగులో ఉండాలి, మాట్లాడ్డానికి ఎవరిని పిలవాలి అని చర్చ నడుస్తోంది. సెల్ మోగితే వరండాలోకి వెళ్ళి తీశాను. మేడం గారి అమ్మాయి. "అమ్మ పొద్దున్నే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందక్కా" అంది. "సరేనమ్మా, బయల్దేరుతున్నా" అన్నాను. లోపలికి వచ్చి కూర్చుని, బ్యానర్ ఆకుపచ్చ రంగులో ఉంటే బాగుంటుందని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో నాకు తెలీదు. అందరూ బాగుంటుందన్నారు.

ఏడుపు రాలేదు. బస్సులో రాలేదు. చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్క కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు చూసినప్పుడైనా వస్తుందనుకున్నాను, రాలేదు. సమాధుల తోటలో అందరూ తలా గుప్పెడు మట్టి వేస్తూ వెక్కుతుంటే, నేను నా చెప్పులకు అంటుకున్న నల్లరేగడి మట్టిని చూస్తూ నిలబడ్డాను. తిమ్మిరి పట్టిన కాలు మీద చెయ్యి వేస్తే అది మన కాలు కానట్టు ఉంటుంది కదా, లోపల అలా ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి ఇది చదివేవాళ్ళు నా దగ్గర కన్నీళ్ళు ఆశించకండి. ఆవిడ ఎలాంటి మనిషో మాత్రం చెప్పగలను.

పొట్టి మనిషి. గంజి పెట్టిన నేత చీర, చేతిలో ఎండైనా వానైనా నల్ల గొడుగు. వాచీ ముంజేతికి లోపలివైపు తిప్పి పెట్టుకునేవారు. ఆవిడ దగ్గర ఎప్పుడూ ఫార్మలిన్ వాసన వచ్చేది. కప్పను కోసే బల్ల ముందు నిలబడి కూనిరాగంగా చర్చి పాటలు పాడుకునేవారు. వేడి టీ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ, అందరి ముందూ చప్పుడు చేస్తూ తాగేవారు. కోపం వస్తే "అండి" ఎక్కువయ్యేది. ఆవిడ "ఏమండీ, కూర్చోండి" అన్నారంటే ఆ స్టూడెంటు పని అయిపోయినట్టే.

మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా కాలేజీ హాస్టల్లో ఒక అబ్బాయి ప్రాణం తీసుకున్నాడు. ఇంటి దగ్గర పత్తి పోయిందన్నారు, ర్యాగింగ్ అన్నారు, ఇంకేదో అన్నారు. ఎందుకో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. కాలేజీలో ఒక్కసారిగా కదలిక వచ్చింది. గుంటూరు నుంచి ఒక డాక్టరు గారిని పిలిపించి మానసిక ఒత్తిడి మీద ఉపన్యాసం పెట్టించారు. చివర్లో ఆయన మైకు మా వైపు తిప్పి, ఎవరికైనా సమస్యలుంటే లేచి చెప్పమన్నాడు. హాలు నిండా జనం. ఎవరు లేస్తారు?

అదే ఊపులో, అమ్మాయిల రక్షణ గురించి పైనుంచి సర్క్యులర్ కూడా వచ్చిందని, ప్రిన్సిపాల్ గది బయట ఒక ఫిర్యాదుల పెట్టె తగిలించారు. అటెండరు స్టూలు వేసుక్కూర్చునేది సరిగ్గా దాని కిందే. అందులో చాక్లెట్ కాగితాలు పడ్డాయి, అభిమాన హీరోల పేర్లు పడ్డాయి, క్యాంటీన్ బజ్జీ సైజు తగ్గిందని ఒక విన్నపం పడింది. లైబ్రరీ పక్క గదికి కౌన్సెలింగ్ సెల్ అని బోర్డు పెట్టారు. దానికి ఇన్‌చార్జి ఎవరా అని మీటింగు పెట్టుకుని, ఆ మీటింగుకి రాని మా మేడం పేరు రాసేశారు. ఆవిడ రోజూ ఆ గదిలో కూర్చుని రికార్డులు దిద్దుకునేవారు. లైబ్రరీకి వచ్చే ప్రతివాడి కళ్ళూ ఆ గుమ్మం మీదే ఉండేవి. ఒక్కరు కూడా లోపలికి వెళ్ళలేదు.

ఒక శనివారం క్లాసు అయ్యాక మేడం పుస్తకం మూసి, "కారానికి కాయలు తెచ్చాను, తొడిమలు తియ్యాలి. ఖాళీ ఉన్నవాళ్ళు సాయంత్రం మా ఇంటికి రండి. టీ ఇస్తా" అన్నారు. ఇల్లు కాలేజీ వెనక సందులోనే. మాలో సగం మంది పల్లెటూళ్ళ వాళ్ళం, మిరపకాయ తొడిమ కళ్ళు మూసుకుని తీస్తాం. సరదాగా వెళ్ళాం. వరండాలో పట్టా పరిచి ఎండుమిరపకాయలు కుప్ప పోశారు. చుట్టూ కూర్చున్నాం. ఆవిడ కూడా చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని మాతోపాటు కూర్చున్నారు. అందరికీ ఒకటే హెచ్చరిక: "కళ్ళల్లో వేళ్ళు పెట్టుకోకండి, మోచేత్తో తుడుచుకోండి."

మా ప్రాంతంలో ఎవరైనా ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కారం ఒకేసారి పట్టించి జాడీల్లో పోసుకుంటారు. మేడం మాత్రం ఏ నెలకానెల కాసిని కాయలు తెచ్చి పట్టించేవారు. ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు. చదువుకున్న ఆవిడకి సంసారం చేతకాదని ఆవిడ అత్తగారే అందరి ముందూ అనేది. మేడం విననట్టు ఊరుకునేవారు. ఆ కుప్ప ఎప్పుడూ తరగకుండా ఉండాలని ఆవిడ అలా చేస్తున్నారని మాకు మెల్లగా అర్థమైంది. తొడిమలు తీసేటప్పుడు తల ఎత్తక్కర్లేదు, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. చేతులు ఊరికే ఉండవు కాబట్టి నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఇక కాయ ఘాటుకి అందరం దగ్గుతాం, తుమ్ముతాం, అందరి కళ్ళూ కారతాయి. ఆ మధ్యలో ఎవరు నిజంగా ఏడుస్తున్నారో ఎవరికీ తెలియదు. అడిగేవాళ్ళూ ఉండరు.

ఆ ఏడాది నాకొక సంగతి ఉంది. మాకు కెమిస్ట్రీ లాబ్ చూసే మాస్టారు రికార్డు మీద సంతకానికి అమ్మాయిల్ని ఒక్కొక్కరినే, లాబ్ ఖాళీ అయ్యాక రమ్మనేవాడు. ప్రాక్టికల్ మార్కులు అతని చేతిలో. సంతకం పెట్టే చెయ్యి కాక రెండో చెయ్యి నా భుజం మీద ఉండేది, అక్కణ్ణుంచి జరిగేది. నేను ఎవరికీ చెప్పలేదు. మా పెదనాన్న కూతురి మీద బస్సులో ఎవడో కాగితం విసిరాడని తెలిసి మా పెద్దవాళ్ళు ఆమెను డిగ్రీ మధ్యలో మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టారు. తప్పు వాడిది, చదువు పోయింది అక్కది. నా సంగతి ఊళ్ళో తెలిస్తే మర్నాటి నుంచి నాకు బస్సు పాసు అక్కర్లేదు. అందుకని నోరు మూసుకున్నాను. అన్నం సహించేది కాదు. గురువారం లాబ్ ఉంటే ఆ రోజుకి క్యారేజీ కట్టొద్దని అమ్మకి చెప్పేసేదాన్ని.

ఒక శనివారం మిగతావాళ్ళు లోపల టీ తెచ్చుకోవడానికి లేచారు. కుప్ప దగ్గర నేనూ మేడమూ మిగిలాం. తల వంచుకునే చెప్పేశాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆవిడ తల ఎత్తలేదు, చెయ్యి ఆపలేదు. నా చెయ్యి ఆగిపోయినప్పుడల్లా, "ఇంకో కాయ తీసుకోమ్మా" అనేవారు. తీసుకునేదాన్ని. మళ్ళీ చెప్పేదాన్ని.

అంతా అయ్యాక, "ఇంట్లో తెలుసా?" అని అడిగారు.

"లేదండి. తెలిస్తే మాన్పించేస్తారండి."

"అయితే ఇంట్లో చెప్పే పని లేదు. నాకు చెప్పావుగా, చాలు. లాబ్ మాత్రం మానకు."

"ఆయన అలాంటివాడు కాదంటారండి అందరూ. నా దగ్గర రుజువేముందండి?"

"నిన్ను రుజువు ఎవరడిగారు? నేనడిగానా?"

లోపలి నుంచి ఆడపిల్లలు టీ గ్లాసులతో వచ్చారు. ఒకమ్మాయి నా మొహం చూసి "ఏంటే, కళ్ళు అలా వాచిపోయాయి?" అంది. మేడం "ఈసారి కాయ ఘాటు" అన్నారు. అంతే.

గురువారం లాబ్‌కి వెళ్ళేసరికి కెమిస్ట్రీ లాబ్ గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని మా జువాలజీ మేడం రికార్డులు దిద్దుకుంటున్నారు. ఆ మాస్టారు వచ్చి, "ఏంటి మేడం, ఇక్కడ కూర్చున్నారు?" అన్నాడు. "మా లాబ్‌లో ఫార్మలిన్ వాసనకి తలనొప్పి వస్తోందండీ. మీ యాసిడ్ వాసనే నయంగా ఉందండీ" అన్నారు. అన్ని "అండి"లు విన్న మాకు అర్థమైంది, అతనికే అర్థం కాలేదు. తర్వాతి వారమూ వచ్చారు, ఆ తర్వాతి వారమూ వచ్చారు. ఎవరి రికార్డు సంతకమైనా ఆవిడ కళ్ళజోడు ముందే జరిగింది. తర్వాత ప్రిన్సిపాల్‌తో పోట్లాడి, రికార్డులు స్టాఫ్ రూములో, తలుపు తీసి, ఇద్దరు లెక్చరర్ల ఎదుట మాత్రమే సంతకం చెయ్యాలని రూలు పెట్టించారు. నా పేరు ఎక్కడా రాలేదు. నా చదువు ఆగలేదు. నేను ఈ రోజు మీతో ఇలా మాట్లాడుతున్నానంటే ఆ కుర్చీ వల్లే.

ఆ రోజుల్లోనే ఫిర్యాదుల పెట్టెలో మొట్టమొదటి అసలైన ఫిర్యాదు పడింది. అది మా మేడం మీదే. పిల్లల చేత ఇంటిచాకిరీ చేయించుకుంటున్నారని. ప్రిన్సిపాల్ పిలిపించి అడిగితే ఆవిడ ఏమన్నారో అటెండరు ద్వారా కాలేజీ అంతా పాకింది.

"అవునండీ, చేయిస్తున్నానండీ. ఆ పెట్టెలో ఇన్నాళ్ళకి ఒక నిజం పడింది, సంతోషమండీ."

"మరి ఆపెయ్యాలి కదా మేడం?"

"ఆపేస్తానండీ. ఆ బోర్డు పెట్టిన గదిలోకి పిల్లలు ఎలా వస్తారో మీరు చెప్పండి, ఈ పూటే ఆపేస్తాను."

పై నెల ప్రిన్సిపాల్ గారింటి మిరపకాయల గోతం కూడా మేడం వరండాలోకి వచ్చింది. దాన్ని మాత్రం వచ్చిన రిక్షాలోనే వెనక్కి పంపించేశారు.

అబ్బాయిలు కూడా వచ్చేవాళ్ళు. పంట పోయి, తండ్రి ఇంట్లో మాట్లాడ్డం మానేశాడని, తనకి నిద్ర పట్టడం లేదని, చదివింది బుర్రలో నిలవడం లేదని ఒకబ్బాయి ఆ వరండాలోనే చెప్పాడు. మేడం అతన్ని గుంటూరులో నరాల, మనసు జబ్బుల డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకెళ్ళేవారు. అలాంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడంటే పిచ్చివాడని పేరు పెట్టే రోజులవి. అందుకని స్పెసిమెన్లు కొనడానికి వెళ్తున్నామని చెప్పేవారు. మాట నిలబెట్టుకోవడానికి తిరిగొచ్చేటప్పుడు నిజంగానే సీసాలో ఏదో ఒకటి కొనుక్కొచ్చేవారు. మా లాబ్‌లో నక్షత్ర చేపలు అన్నేసి ఎందుకున్నాయని ఎవరూ అడగలేదు. ఆ అబ్బాయి ఇప్పుడు పెదకాకాని దగ్గర స్కూల్లో పంతులు. సమాధుల తోటలో అందరికంటే ఎక్కువ ఏడ్చింది అతనే.

ఆవిడని పొగిడి వదిలేస్తే ఆవిడకే నచ్చదు. ఆ కెమిస్ట్రీ మాస్టారుకి ఏ శిక్షా పడలేదు. ఏడాది చివర ఇంకో కాలేజీకి వెళ్ళిపోయాడు, పూలదండ వేసి మరీ పంపించారు. నేను ఉద్యోగంలో చేరాక ఒకసారి ఆ మాట ఎత్తితే మేడం సాసర్ కింద పెట్టేశారు. "నీకు ఇబ్బంది లేకుండా చూశాను గానీ, అక్కడ ఇంకో పిల్ల ఉంటుంది కదమ్మా. ఆ పిల్లకి నేనేం చేశాను?" అన్నారు. కమిటీల్లో సంతకాలు పెట్టేటప్పుడు ఆ మాటే గుర్తొస్తుంది. ఆవిడ కాలంలో కాగితాలు తక్కువ, ఇప్పుడు చాలా ఉన్నాయి. కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చునేవాళ్ళే తక్కువ.

మొన్న చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక, అదే సంస్మరణ సభ, జరిగింది. మా మాజీ ప్రిన్సిపాల్ కూడా వచ్చి, మానసిక ఆరోగ్యం మీద మేడం జిల్లాకే మార్గదర్శి అని మైకులో చెప్పారు. నేను వింటూ కూర్చున్నాను. నా కళ్ళు అప్పుడూ పొడిగానే ఉన్నాయి. నాలో ఏదో పాడైపోయిందేమో అనిపించింది.

భోజనాలయ్యాక జనం వెళ్ళిపోయారు. మేడం గారి అమ్మాయి నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. పట్టా మీద మిరపకాయల కుప్ప అలాగే ఉంది. ఒక పక్క తొడిమలు తీసినవి, ఇంకో పక్క తియ్యనివి. "అమ్మ సగం తీసి, నడుం నొప్పిగా ఉందని పడుకుందక్కా. ఇక లేవలేదు" అంది. ఆ పిల్లని నేను స్కూలు యూనిఫాంలో చూశాను. అమ్మ పోయిన రోజు నుంచీ వచ్చినవాళ్ళకి టీలు, టిఫిన్లు చూస్తూ ఆమె కూర్చున్నది నేను చూడలేదు.

నేను పట్టా మీద కూర్చున్నాను. ఆమె కూడా ఎదురుగా కూర్చుంది. ఒక్కో కాయా తీసుకుని తొడిమ తుంచుతున్నాం. ఘాటుకైనా నా కళ్ళు తడుస్తాయేమోనని ఎదురుచూశాను. తుమ్మైనా రాలేదు.

"ఘాటు లేదేమ్మా?" అన్నాను.

"ఉండదక్కా. అమ్మకి కడుపులో పుండని డాక్టరు కారం తగ్గించమన్నాడు. ఈసారి ఉత్త రంగు కాయలు తెప్పించుకుంది. చంటిపిల్లలు కూడా ఆడుకోవచ్చు వీటితో."

మళ్ళీ తొడిమలు. కాసేపటికి ఎదుటి నుంచి తుంచే చప్పుడు ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చిన శబ్దం. ఆమె మోచేత్తో మొహం తుడుచుకుంటోంది, తుడుచుకున్నా ఆగడం లేదు.

"ఘాటక్కా" అంది.

నేను తల ఎత్తలేదు.

"అవునమ్మా, ఈసారి కాయ ఘాటు" అన్నాను. "ఇంకో కాయ తీసుకో."