మావ దాచుకున్న చోటు

మా మావ, అంటే అమ్మ తమ్ముడు, చేపలు ఎక్కడ పడతాయో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. భావనపాడులో ఇదేమీ వింత కాదు. "ఏ పక్కకెల్లినావు?" అని ఒడ్డున ఎవరైనా అడిగితే చెయ్యి సముద్రమంతటి మీదా తిప్పి "అటే" అంటారు. మావ ఇంకో అడుగు ముందుంటాడు. వెళ్లేది ఒకే చోటికైనా పడవని ఒకరోజు ఉత్తరంగా, ఒకరోజు దక్షిణంగా నడిపి, కనుచూపు దాటాక తిప్పుకుంటాడు.

కిందటి వానాకాలం ఆ గుట్టే ప్రాణం మీదికి తెచ్చింది. ఇంజను ఆగిపోయి పడవ రెండు రోజులు కొట్టుకుపోయింది. అంత లోపల ఫోను పనిచెయ్యదు. వెతకబోయినవాళ్లకి ఏ వైపు వెళ్లాలో తెలీదు. అత్తనడిగితే ఆవిడకీ తెలీదు. పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఇసుకలో కూర్చుంది. ఎవరిదో పడవ కంటపడి లాక్కొచ్చింది కాబట్టి సరిపోయింది. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

నేను టెక్కలిలో ఉంటాను. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌కి కోడ్ రాస్తుంటాను. దానితోనే మావకి అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తయారు చేద్దామనుకున్నాను. పడవ ఉన్న చోటుని అది రేడియోలో ఒడ్డుకి పంపుతుంది, అత్త ఫోనులో చూసుకుంటుంది.

"ఆ రేడియో ఊరంతా ఇంటాది గదా?" అన్నాడు మావ.

"విన్నా అర్థం కాదు మావా. తాళం వేసి పంపుతాది."

"పెట్టి ఎత్తుకెల్లిపోయి ఇప్పి సూత్తే?"

మంచి ప్రశ్నే. తాళంచెవి మామూలు మెమరీలో ఉంటే, పెట్టె విప్పినవాడికి దొరికిపోవచ్చు. అయితే పెట్టెలో వాడిన చిప్పులో రహస్య సంకేతాల పనికోసమే వేరే భాగం ఒకటుంది. తాళంచెవిని ఒకసారి అందులో పెడితే మళ్లీ బయటికి ఇవ్వదు. పని చకచకా చేస్తుంది, బ్యాటరీ కూడా తక్కువ తింటుంది. చిక్కల్లా, మా ఆపరేటింగ్ సిస్టమ్‌కి అలాంటి భాగం ఒకటుందనే తెలీదు. దానితో పని చేయించుకునే డ్రైవరు ఎవరూ రాయలేదు.

నేను రాశాను. మూడు నెలలు పట్టింది. పరీక్షలన్నీ పాసయ్యాయి. ఏయే దేశాలవాళ్లో చదివి, బాగుందని ఒప్పుకుని అసలు కోడ్‌లో కలిపేశారు. ఓ నాలుగు రోజులు నా కాళ్లు నేల మీద లేవు.

ఆదివారం పెట్టె పట్టుకుని భావనపాడు వెళ్లాను. దాన్ని మావ ఇంటి అరుగు మీద పెడితే, లాప్‌టాప్‌లో అర్థంపర్థం లేని అక్షరాల వరస ఒకటి వచ్చింది. ఊరికి వినపడేది ఇంతే మావా అని చూపించాను. తర్వాత పెట్టెని రేవు దాకా తీసుకెళ్లి, తిరిగొచ్చి అరుగు మీదే పెట్టాను. మావ తెర ముందు నుంచి కదల్లేదు. ఆయనకి చదువు రాదు. వల అల్లే మనిషి, అల్లికలో ఒక కన్ను తేడా వచ్చినా పట్టేస్తాడు.

"పెట్టి ఇంటికొచ్చీసినాది గదరా?"

"నేనే కదా తెచ్చాను."

"నిన్ను నేను సూడనేదు. దీన్నే సూత్తన్నాను. నువ్వెల్లకముందు వచ్చిన గీతే మల్లీ వచ్చినాది."

రెండు వరసలూ వేలితో చూపించాడు. అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ముందు ఆయన మీద కోపమొచ్చింది, తర్వాత నా తప్పేమిటో తెలిసింది. పంపే చోటు ఒకటే అయినా గీత మారాలంటే, ప్రతి కబురూ కొత్త అంకెతో మొదలవ్వాలి. నా డ్రైవరు ప్రతిసారీ ఆ అంకెని మొదటికే తెచ్చేస్తోంది. పరీక్షల్లో ఒక్కో తాళంచెవితో ఒక్క కబురే పంపాను, ఇంక తప్పెలా దొరుకుతుంది?

"సదవనక్కరనేదు. ఏ గీత రోజూ వత్తాదో సూసుకుంటే సాలు, మనం ఒకే సోటికి ఎల్తన్నామని తెలిసిపోద్ది. ఒకే సోటికెల్లినా ఒకే దారిన ఎల్లకూడదురా," అని పెట్టెని నా వైపు తోసేశాడు. "నాకొద్దు."

ఎండు చేపలు తిరగేస్తున్న అత్త చెయ్యి ఆపింది. నా వైపొకసారి చూసింది. ఆ చూపుకి తలెత్తలేకపోయాను.

టెక్కలి వచ్చి, నా డ్రైవరులో తప్పుందని, ఎవరూ వాడొద్దని అందరూ చూసేచోట రాశాను. సిగ్గుతో చచ్చిపోయాను. సవరణ పది వరసలు కూడా లేదు. ఒకే కబురుని రెండుసార్లు పంపి చూసే పరీక్ష కూడా చేర్చాను. తప్పు పట్టినవారి వివరం రాయడం మాలో ఆనవాయితీ. "మా మావ, చేపల వేట" అని రాశాను. ఆయన ఏ కంపెనీలో పనిచేస్తారని ఎవరో అడిగారు.

సరిచేసిన పెట్టెతో మళ్లీ భావనపాడు వెళ్తే, ఈసారి మావ నన్ను మూడుసార్లు రేవుకి తిప్పాడు. ఏ రెండు గీతలూ కలవలేదు. పెట్టె తీసుకుని పడవెక్కాడు.

అత్త పక్కన కూర్చుని నేనూ ఫోను చూశాను. చుక్క ఉత్తరంగా వెళ్లింది, తిరిగింది, ఒడ్డుకి దూరంగా పోతూనే ఉంది. చాలాసేపటికి గానీ ఆగలేదు. అత్త వేలితో తెరని చిన్నది చేసింది. ఒకే తెర మీద ఊరూ చుక్కా రెండూ కనపడాలంటే చాలా చిన్నది చెయ్యాల్సి వచ్చింది.

"ఇంత దూరమేటిరా?" అంది. "నాకు దగ్గరే అని సెప్పీవోడు."