పిట్ట రాని అద్దాలిల్లు

శామీర్‌పేట దారిలో సత్తమ్మకు ఉన్నది చిన్న మడిచెక్క. టమాట, బెండ, సొరపాదు అందులోనే. తెల్లారి గంపెత్తుకుని అల్వాల్ పోతే, ఖాళీ గంపతోనే తిరిగొచ్చేది. ఆ మడి ఒడ్డునే, వేపచెట్టు కింద, మొగుడు లింగాన్ని పాతిపెట్టుకుంది. పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు ఆ సమాధి మీద విస్తరి వేసేది. పిట్ట ముట్టాకే తను ముద్ద ముట్టేది.

తొంభైలు ముగిసేసరికి చుట్టూ ప్లాట్లు లేచాయి, బోర్లు దిగాయి, ఆమె బావి అడుగంటింది. నీళ్లు లేని మడిని ఎన్నాళ్లు పట్టుకుని ఏడుస్తుంది? కోస్తా నుంచి వచ్చిన రిటైర్డు ఉద్యోగి ఫణిభూషణ్‌కు అమ్మేసింది. అడిగింది ఒక్కటే.

“సారూ, మా ఇంటాయన సమాధిని ముట్టకుండ్రి. ఏడాదికొక్కపారి అన్నం పెట్టుకొని పోత.”

“అయ్యో, నేనెందుకు ముడతాను సత్తమ్మా? నాదీ హామీ.”

మాట తప్పలేదు, పాపం! ఏ చలిదేశపు పుస్తకంలోనో చూసి, ఏడాది పొడుగునా కూరగాయలు పండే ఇల్లు కట్టాడు. దక్షిణం వైపంతా అద్దాలు, లోపల మడులు. చలే లేని చోట చలికి కాపలా! చదవేస్తే ఉన్న మతి పోయిందనేది ఇందుకే. ఎండకు అడ్డమని వేపచెట్టు కొట్టించాడు. సమాధిని మాత్రం ఇటుక కూడా కదపకుండా అద్దాల లోపలికి కలిపేసుకున్నాడు.

పెత్రమాస వచ్చింది. సత్తమ్మ టమాట మొక్కల నడుమ సమాధి మీద విస్తరి వేసి, ఉక్కకు చెమటలు కక్కుతూ కూర్చుంది. కాకి పైన అద్దం మీద వాలింది. ముక్కుతో పొడిచి పొడిచి ఎగిరిపోయింది.

“సారూ, ఒక్క అద్దం తియ్యుండ్రి. పిట్ట జూస్తాంది.”

“అమ్మో! సందిస్తే పురుగంతా లోపలికొస్తుంది. పిట్ట ముట్టని కూరగాయలివి. బయట పెట్టుకోరాదూ?”

ఆయన భార్య పద్మజకు జాలేసింది. విస్తరి తనే మోసుకెళ్లి గోడ మీద పెట్టింది. కాకులు వాలి మెతుకు మిగల్చలేదు.

“చూశావా, తినేశాయి! ఇంకా ఏడుపెందుకు?” అంది పద్మజ.

సత్తమ్మ అద్దాల వైపు చెయ్యి చూపింది. “ఎవలి పెద్దలో తిని పోయిన్రమ్మా. మావోడు లోపటనే ఉన్నడు.”

పద్మజ లోపల కాసిన టమాటలు నాలుగు ఆమె కొంగులో వేసింది. సత్తమ్మ వాటిని ఆ గోడ మీదే పెట్టేసి, ముద్ద ముట్టకుండానే ఇంటిదారి పట్టింది.